సైకీ బరువెంత, వెలయెంత?
‘బంగారు గ్రహశకలం’ కథపై ఒక విమర్శ

అంగారకునికీ, బృహస్పతికీ నడుమ సూర్యుని చుట్టూ పరిభ్రమించే లఘుగ్రహాలు లక్షల సంఖ్యలో ఉన్నవి. వాటిలో వార్తాపత్రికలు పేరు పెట్టి చెప్పేవి చాలా కొద్ది. ఆ కొద్దిలో ఒకటి 16వ సంఖ్య గల ‘సైకీ’. దీనికి ఇంత ప్రసిద్ధి రావడానికి దాని కక్ష్య గాని, ఆకారం గాని కారణం కాదు. దానికి కట్టిన వెల కారణం. సైకీ అంతా ఇనుము, నికెలు, బంగారమేననీ, దాని విలువ లక్ష కోట్ల కోట్ల డాలర్లనీ, అంటే 1 పక్కన 19 సున్నలు పెట్టినంత సొమ్మనీ, దానిని భూమికి తెచ్చి పంచితే లోకంలో ప్రతి మనిషికీ నూరు కోట్ల డాలర్లకు పైగా వస్తుందనీ 2017 ప్రాంతం నుండి అనేక పత్రికలు వ్రాస్తూ వచ్చినవి. 2023 అక్టోబరు 13న అమెరికా వారి ‘సైకీ’ వ్యోమనౌక ఆ లఘుగ్రహానికి బయలుదేరినప్పుడు ఈ కథ మరొకసారి ప్రచారంలోకి వచ్చింది.

ఈ వార్త చదివిన విద్యార్థి మరునాడు బడికి వచ్చి, ‘అయ్యా, ఇది నిజమేనా?’ అని అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పాలి? ‘అదంతా కట్టుకథ’ అని ఒక్క మాటలో కొట్టివేయడం సులభం. కాని అది న్యాయం కాదు. ఈ కథలో కొంత నిజం ఉన్నది. ఆ నిజాన్ని సంపాదించడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు చాలా కాలం శ్రమపడ్డారు. ‘అవును, నిజమే’ అని ఊరుకొంటే అంతకంటె పెద్ద పొరపాటు. ఈ కథలో ఏ మాట కొలతల నుండి వచ్చింది, ఏ మాట ఊహ నుండి వచ్చింది, ఏ మాట దురాశ నుండి వచ్చింది అని విడదీసి చూపడమే సరియైన సమాధానం. ఈ వ్యాసంలో ఆ పని చేద్దాం. ఇందుకు పదవ తరగతి గణితం చాలు.

కక్ష్య: సందేహం లేని భాగం

సైకీని 1852 మార్చి 17న ఇటలీ దేశంలోని నేపుల్స్ నగరంలో అన్నిబాలే డి గాస్పరిస్ అనే ఖగోళజ్ఞుడు కనిపెట్టాడు. అంతకు ముందు తెలిసిన లఘుగ్రహాలు పదిహేను మాత్రమే కనుక దీనికి 16వ సంఖ్య వచ్చింది. గ్రీకు పురాణగాథలలోని ఒక కన్య పేరు దీనికి పెట్టారు. ‘సైకీ’ అనే గ్రీకు మాటకు ఆత్మ అని అర్థం.

నూట డెబ్బది సంవత్సరాలకు పైగా దీని స్థానాన్ని గుర్తిస్తూ వచ్చారు కాబట్టి కక్ష్య విషయంలో ఎవరికీ తగవు లేదు. సూర్యుని నుండి దీని సగటు దూరం 2.92 ఖగోళ ప్రమాణాలు. ఖగోళ ప్రమాణమంటే భూమికీ, సూర్యునికీ గల సగటు దూరం. సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే సైకీ సంవత్సరం ఎంతో మనమే చెప్పవచ్చు. గ్రహం సూర్యుని చుట్టివచ్చే కాలాన్ని సంవత్సరాలలో తీసికొని వర్గం చేస్తే, దాని సగటు దూరాన్ని ఖగోళ ప్రమాణాలలో తీసికొని ఘనం చేసినంత అవుతుందని కెప్లర్ మూడవ నియమం. 2.92ను ఘనం చేస్తే 24.9 వస్తుంది. దాని వర్గమూలం 4.99. అంటే మనకు ఇంచుమించు 5 సంవత్సరాలు గడిస్తే సైకీకి ఒక సంవత్సరం.

దీని కక్ష్య వృత్తం కాదు, కొంచెం సాగిన దీర్ఘవృత్తం. ఉత్కేంద్రత 0.134. అందువలన సూర్యునికి దగ్గరగా వచ్చినప్పుడు దూరం 2.5 ప్రమాణాలు, దూరంగా పోయినప్పుడు 3.3 ప్రమాణాలు. భూమి కక్ష్యాతలానికి సైకీ కక్ష్య వాలు 3 డిగ్రీలే. తన చుట్టూ తాను 4 గంటల 12 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది. దీనిని దూరదర్శినిలో చుక్కగా చూస్తూనే తెలిసికొన్నారు. సైకీ గుండ్రంగా లేదు. ఉర్లగడ్డ వలె వంకరగా ఉంటుంది. తిరిగేటప్పుడు వెడల్పు వైపు మనకు ఎదురైతే కాంతి పెరుగుతుంది, సన్నని వైపు ఎదురైతే తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను కాలంతోపాటు గుర్తించుకొంటే భ్రమణకాలం దొరుకుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ కొలతలు. పదేపదే, వేరువేరు చోట్ల, వేరువేరు మనుషులు సరిచూసినవి. పత్రికలు ఈ భాగాన్ని తరచుగా వదలివేస్తున్నవి. వాటికి వెల కావాలి. వెల కట్టాలంటే బరువు కావాలి. చిక్కు అక్కడ మొదలవుతున్నది.

తూకం లేని బరువు

బృహస్పతి ద్రవ్యరాశిని కనుగొనడం కష్టం కాదు. దానికి చంద్రులు ఉన్నవి. చంద్రుడు ఎంత దూరంలో ఎంత కాలానికి ఒకసారి తిరుగుతున్నదో తెలిస్తే నడుమ ఉన్న గ్రహం ద్రవ్యరాశి లెక్కకు వస్తుంది. సైకీకి చంద్రుడున్నట్లు ఇంతవరకు కనబడలేదు. కాబట్టి మరొక ఉపాయం వెదకాలి. లఘుగ్రహాలు ఎప్పుడో ఒకప్పుడు ఒకదాని సమీపం నుండి ఒకటి పోతుంటవి. సైకీ దగ్గరగా పోయిన ఒక చిన్న లఘుగ్రహాన్ని సైకీ కొద్దిగా తనవైపు లాగుతుంది. దానితో ఆ చిన్నదాని దారి వెంట్రుకవాసి మారుతుంది. ఆ మార్పును సంవత్సరాల తరబడి కొలిచి సైకీ ద్రవ్యరాశిని రాబట్టాలి. ఒకవైపు బృహస్పతి, మరొకవైపు అంగారకుడు, ఇంకా ఇతర లఘుగ్రహాలు కూడా ఆ చిన్నదానిని లాగుతూనే ఉంటవి. ఆ లాగుళ్లన్నీ తీసివేయగా మిగిలిన చిటికెడు మార్పు మాత్రమే సైకీ పని. చెరువు గట్టున నిలబడి, ఒక పడవ అటునుండి పోతుంటే ఇవతల తేలే ఆకు ఎంత కదిలిందో చూసి పడవ బరువు చెప్పినట్లుంటుంది ఈ పని.

ఇటువంటి కొలతలలో తేడాలు రావడం సహజం. తేడాలు ఎంతవరకు వచ్చినవో చూడండి. 2000 సంవత్సరంలో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు వియటో చేసిన లెక్క ప్రకారం సైకీ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2 గ్రాముల దరిదాపు. అంటే మన ఇండ్లలో వాడే నల్లరాయికంటె తేలిక. 2002లో బెల్‌గ్రేడ్ నగరానికి చెందిన కుజ్మనోస్కీ, కొవాచెవిచ్ అనే పరిశోధకులు మరొక లఘుగ్రహం దారిని బట్టి లెక్కవేస్తే సాంద్రత 7 గ్రాములకు దగ్గరగా వచ్చింది. అంటే ఇంచుమించు ఇనుము. వస్తువు ఒకటే, రెండు సంవత్సరాలలో నల్లరాయి కంటె తేలికైనది ఇనుముకు సమీపమైనది! మారింది సైకీ కాదు, సైకీని గూర్చిన మన అంచనా.

ఇందులో ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. ఆ పరిశోధకులు తమ సంఖ్యల పక్కన ఎంత పొరపాటుకు అవకాశమున్నదో కూడా వ్రాసిపెట్టారు. విమర్శించవలసింది ఆ రెండవ సంఖ్యను తీసికొని, దాని పక్కనున్న హెచ్చరికను చింపివేసి, ‘ఇనుప లోకం’ అని చాటిన వారిని.

వ్యాసంలో చిన్న తప్పు, ఘనంలో పెద్ద తప్పు

సాంద్రతకు ద్రవ్యరాశి ఒక్కటే చాలదు, ఘనపరిమాణం కూడా కావాలి. సైకీ భూమికి ఎంత దగ్గరగా వచ్చినా నడుమ 23 కోట్ల కిలోమీటర్లకు తక్కువ ఉండదు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల బిళ్ళను 26 కిలోమీటర్ల దూరాన పెడితే ఎంత కనబడుతుందో, అప్పుడు సైకీ మనకు అంత కనబడుతుంది. పూర్వం దీనిని నేరుగా కొలవలేక, అది వెదజల్లే వేడిని బట్టి పరిమాణాన్ని ఊహించేవారు. 1983లో ఆకాశంలో తిరిగిన పరారుణ ఉపగ్రహం ‘ఐరాస్’ పరిశీలనలను బట్టి సైకీ వ్యాసం 253 కిలోమీటర్లని తేలింది. తర్వాత రాడార్ వలన, చిలీ దేశంలోని పెద్ద దూరదర్శినుల వలన, నక్షత్రాలకు సైకీ అడ్డం వచ్చినప్పుడు నీడ పడిన కాలాన్ని కొలవడం వలన మరింత నిక్కచ్చియైన ఆకారం దొరికింది. 2021లో ప్రకటించిన పరిశీలన ప్రకారం పొడవు 278, వెడల్పు 238, మందం 171 కిలోమీటర్లు. ఇంతే ఘనపరిమాణం గల గోళానికి వ్యాసం సుమారు 222 కిలోమీటర్లు.

253 ఎక్కడ, 222 ఎక్కడ? తేడా నూటికి పదునాలుగు పాళ్లే కదా అనిపిస్తుంది. కాని ఘనపరిమాణం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఈ లెక్కను విద్యార్థుల చేత చేయించండి. ఇప్పుడు అంగీకరిస్తున్న ద్రవ్యరాశి సుమారు 2.29 × 10¹⁹ కిలోగ్రాములు. వ్యాసం 222 కిలోమీటర్లయితే ఘనపరిమాణం 57 లక్షల ఘన కిలోమీటర్లు, సాంద్రత 4.0. అదే ద్రవ్యరాశికి వ్యాసం 253 అని తీసికొంటే ఘనపరిమాణం దాదాపు 85 లక్షల ఘన కిలోమీటర్లు, సాంద్రత 2.7. బరువు ఒక్క చుక్క మారకపోయినా, వ్యాసంలోని తేడా వలననే రాయి లోహం వైపు జరిగింది.

ఇది కేవలం సైకీ కథ కాదు. పాఠశాల ప్రయోగశాలలో ఇనుప గుండు వ్యాసాన్ని వెర్నియరుతో కొలిచి సాంద్రత కట్టే విద్యార్థి కూడా ఇదే గుంటలో పడతాడు. వ్యాసంలో నూటికి ఒక పాలు తప్పు వస్తే సాంద్రతలో మూడు పాళ్లు తప్పు వస్తుంది. ప్రయోగశాలలో నేర్చిన ఆ పాఠం ఆకాశానికి కూడా వర్తిస్తుందని చూపడానికి సైకీ కంటె మంచి ఉదాహరణ దొరకదు.

నాలుగు అంటే ఏమిటి?

ఇటీవలి పరిశీలనలు చాలావరకు 3.8కీ 4.2కీ నడుమ కూడుకొంటున్నవి. కాబట్టి సాంద్రత 4 అని ఒప్పుకొందాం. ఇప్పుడు పోల్చి చూద్దాం. నల్లరాయి సాంద్రత 2.7. సాధారణ శిలాఉల్కలది 3.3 నుండి 3.5 వరకు. వెస్టా అనే పెద్ద లఘుగ్రహం చుట్టూ 2011, 2012 సంవత్సరాలలో ‘డాన్’ నౌక తిరిగి సరిగా కొలిచింది. దాని సాంద్రత 3.46. ఇనుప ఉల్కల సాంద్రత 7.8కి సమీపంగా ఉంటుంది. సైకీ రాళ్లకంటె బరువైనది, ఇనుముకంటె చాలా తేలికైనది. ‘అంతా ఇనుము’ అనే మాట ఈ పోలిక ముందు నిలవదు.

నిలబెట్టాలంటే ఒకే దారి ఉన్నది. సైకీ గట్టి ముద్ద కాదు, నడుమ నడుమ ఖాళీలు గల కుప్ప అనుకోవాలి. ఎంత ఖాళీ? 4ను 7.8తో భాగిస్తే 0.51. అంటే సగం ఇనుము, సగం శూన్యం. చిన్న లఘుగ్రహాలలో ఇటువంటి ఖాళీలు ఉన్నట్లు తెలుసు. కాని రెండువందల కిలోమీటర్లకు మించిన శరీరంలో సగం ఖాళీ ఉండటం అసాధారణం.

మరొక ఊహ చేద్దాం. ఖాళీలే లేవు, 3.3 సాంద్రత గల రాయిలో ఇనుము కలిసి ఉన్నది. అప్పుడు 4 రావడానికి ఘనపరిమాణంలో నూటికి 16 పాళ్లు ఇనుము ఉంటే చాలు. మూడవ ఊహ: నూటికి 20 పాళ్లు ఖాళీ ఉన్నది. అప్పుడు మిగిలిన గట్టి పదార్థపు సాంద్రత 5. అందులో ఇనుము నూటికి 38 పాళ్లు. ఈ మూడు ఊహలూ ఒకే సాంద్రతను ఇస్తున్నవి. ఒకటి ఇనుప కుప్ప, ఒకటి అక్కడక్కడ ఇనుము గల రాయి, ఒకటి రెండింటికీ నడిమిది. సాంద్రత ఒక్కటే పట్టుకొని వీటిలో ఏది సైకీయో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. 2020లో వ్యోమనౌక శాస్త్రబృందం నాయకురాలు లిండీ ఎల్కిన్స్-టాంటన్, ఆమె సహచరులు కూడా ఘనపరిమాణంలో నూటికి 30 నుండి సుమారు 60 పాళ్ల వరకు లోహం ఉండవచ్చునని మాత్రమే వ్రాశారు. ముప్పదికీ అరువదికీ నడుమ ఎంత దూరమున్నదో పాఠకులే చూడగలరు.

కాంతి, రాడార్ చెప్పే సాక్ష్యం

సాంద్రత చాలకపోతే ఇతర సాక్షులను పిలవాలి. సైకీ నుండి పరావర్తనమైన సూర్యకాంతిని వర్ణపటంగా విడదీసి, దానిని ‘ఎం’ తరగతి లఘుగ్రహాలలో చేర్చారు. ‘ఎం’ అనేది లోహానికి గుర్తు అని చాలమంది చదువుకొన్నారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. లోహపు వర్ణపటంలో ప్రత్యేకమైన చారలు ఉండవు. చారలు లేకపోవడమే దాని గుర్తు. లేనిదానిని సాక్ష్యంగా తీసికొనేటప్పుడు ఎవరైనా మోసపోవచ్చు. ‘లుటీషియా’ అనే లఘుగ్రహాన్ని కూడా ఒకప్పుడు ఈ తరగతిలోనే పెట్టారు. 2010 జులై 10న ఐరోపా వారి ‘రొసెట్టా’ నౌక దాని పక్కనుండి పోయి కొలిస్తే సాంద్రత 3.4 అని తేలింది. తరగతి పేరు చూసి దానిని ఇనుప ముద్ద అనుకొన్నవారు ఆశాభంగం పొందారు.

సైకీ విషయంలో రాడార్ సాక్ష్యం అంతకంటె బలమైనది. ప్యూర్టోరికో ద్వీపంలోని అరెసిబో మహా దూరదర్శిని 2020 డిసెంబరులో కూలిపోయింది. అంతకు ముందు దానితో రేడియో తరంగాలను సైకీ మీదికి పంపి ప్రతిధ్వనిని కొలిచారు. లోహం రేడియో తరంగాలను రాయికంటె బాగా తిప్పికొడుతుంది. సైకీ ప్రతిధ్వని సాధారణ శిలామయ లఘుగ్రహాల ప్రతిధ్వనికి రెండింతలకు పైగా ఉన్నది. కనుక ఉపరితలంలో లోహం విశేషంగా ఉన్నదనడం న్యాయమే. అయితే ఆ ప్రతిధ్వని అన్ని వైపులా ఒకే తీరుగా లేదు. రాడార్ తరంగాలు పైపొరను దాటి లోతుకు పోలేవు కూడా. రాడార్ చెప్పేది సైకీ చర్మం సంగతి. గుండెకాయ సంగతి కాదు.

ఇంకా రెండు సాక్ష్యాలున్నవి. సైకీ కాంతిలో పైరాక్సీన్ అనే శిలాఖనిజపు గుర్తు సన్నగా కనబడింది. నీటి సంబంధమైన హైడ్రాక్సిల్ కలిగిన ఖనిజాల జాడ మొదట భూమి మీది దూరదర్శినులకు చిక్కింది; దానిని 2024లో ప్రకటించిన జేమ్స్ వెబ్ దూరదర్శిని పరిశీలన బలపరచింది. కొలిమిలో కరిగి తేరుకొన్న ఇనుప గుండెకాయ మీద నీటి జాడ ఎట్లా వచ్చింది? నీరు గల ఇతర లఘుగ్రహాలు వచ్చి తగిలి ఉండవచ్చు. లేదా సైకీ జన్మస్థానమే మనం అనుకొన్నది కాకపోవచ్చు. సమాధానం ఇంకా తేలలేదు.

వెల లెక్కలోని లోపాలు

ఇప్పుడు ఆ లక్ష కోట్ల కోట్ల డాలర్ల సంగతి చూద్దాం. ఆ సొమ్మును సైకీ బరువుతో, అంటే 2.29 × 10¹⁶ టన్నులతో భాగిస్తే టన్నుకు సుమారు 437 డాలర్లు వస్తుంది. ఈ చిన్న భాగహారంతో కథ గుట్టు బయటపడుతున్నది. అది బంగారపు ధర కాదు. బజారులో ఇనుము పలికే ధర వంటిది. లెక్క కట్టినవారు లఘుగ్రహమంతా ఇనుమే అనుకొని, బరువును ఇనుము ధరతో హెచ్చవేశారు. పత్రికల శీర్షికలలో ఇనుము బంగారంగా మారింది. నిజమైన ఇనుప ఉల్కలలో బంగారం పది లక్షల పాళ్లలో ఏ ఒకటి రెండు పాళ్లో ఉంటుంది. ‘బంగారు గ్రహశకలం’ అనే పేరుకు ఆధారం అంతే.

రెండవ లోపం ధర అంటే ఏమిటో మరచిపోవడం. ధర వస్తువులో దాగి ఉన్న గుణం కాదు. వస్తువు ఎంత ఉన్నది, ఎంతమందికి కావాలి అనేదానిని బట్టి అది నిలుస్తుంది. నేడు ప్రపంచమంతా ఏడాదికి 190 కోట్ల టన్నుల దరిదాపు ఉక్కు తయారుచేస్తున్నది. ఆ లెక్కన సైకీ బరువంత ఇనుము తీరడానికి కోటి సంవత్సరాలకు పైగా పడుతుంది. కోటి ఏండ్ల సరుకు ఒక్క రోజున అంగడికి వస్తే టన్ను ఇనుముకు 437 డాలర్లు ఇచ్చేవాడు ఎవడు? అంగడిలో వంకాయలు బుట్టెడు వస్తే ఒక ధర, బండ్ల కొలది వస్తే మరొక ధర అని కూరగాయలు అమ్మే అవ్వకు తెలిసిన సంగతి ఈ శీర్షికలు వ్రాసినవారికి తోచలేదు.

మూడవ లోపం ఇంకా పెద్దది. సైకీని గాని, దాని ముక్కను గాని భూమికి తెచ్చే ఏర్పాటు ఎవరి వద్దనూ లేదు. వ్యోమనౌక అక్కడికి పోతున్నది చూసి రావడానికి కూడా కాదు. అక్కడే ఉండి చూసినదానిని రేడియో ద్వారా తెలపడానికి. గుప్పెడు మట్టి కూడా తిరిగి రాదు.

శాస్త్రజ్ఞుల కథను కూడా పరిశీలించాలి

పత్రికల కథను మాత్రమే విమర్శించి ఊరుకొంటే పక్షపాతమవుతుంది. శాస్త్రజ్ఞులు చెప్పిన కథ ఒకటి ఉన్నది. సౌరకుటుంబం పుట్టిన తొలినాళ్లలో కొన్ని చిన్న గ్రహాలు లోపలి వేడికి కరిగినవి. బరువైన ఇనుము, నికెలు నడుమకు దిగి గుండెకాయగా ఏర్పడింది. తేలికైన రాయి పైన పెంకుగా నిలిచింది. తర్వాత ఢీకొట్టుకొనడం వలన ఒక గ్రహానికి పెంకు ఊడిపోయి గుండెకాయ బయటపడింది, అదే సైకీ. ఈ కథ అందమైనది, తర్కం గలది. కరిగి విడిపోయిన గ్రహాలు ఉండేవనడానికి భూమి మీద పడిన ఇనుప ఉల్కలే సాక్ష్యం. భూమి గుండెకాయను మనం ఎన్నటికీ చూడలేము కాబట్టి, మరొక గ్రహపు గుండెకాయను బయట చూడగలమన్న ఆశతోనే ఈ నౌకాయాత్రను 2017 జనవరిలో ఎంపిక చేశారు.

కాని ఇది ఊహ. ఆ ఊహ ఏర్పడినప్పుడు సాంద్రత ఇప్పటికంటె ఎక్కువై ఉండవచ్చునని తోచింది. సాంద్రత 4 దగ్గర స్థిరపడినకొద్దీ ఇతర ఊహలు ముందుకు వచ్చినవి. పైన రాతి పెంకు ఉండగా లోపలి కరిగిన ఇనుము పగుళ్లనుండి ఎగదన్ని వచ్చి పరచుకొన్నదని, అంటే ఇనుప అగ్నిపర్వతాలు పనిచేశాయని 2019లో కొందరు సూచించారు. ఎన్నడూ పూర్తిగా కరగని, లోహం ఎక్కువగా గల ఆదిమ పదార్థమే సైకీ అని మరికొందరి అభిప్రాయం. సైకీ బృందంవారు తమ తొలి ఊహను దాచిపెట్టి కూర్చోక, కొత్త కొలతలకు తగినట్లు సవరించుకొన్నారు. వారిని మెచ్చుకోవలసింది ఇందుకే. ఆ సవరణ మాత్రం పత్రికల శీర్షికల వరకు రాలేదు.

మన భాషలోని ఒక మాటను కూడా ఇక్కడ ఆలోచించాలి. మనం వీటిని ‘గ్రహశకలాలు’ అంటున్నాము. శకలమంటే ముక్క. ఒకప్పుడు అంగారకునికీ బృహస్పతికీ నడుమ ఒక పెద్ద గ్రహం ఉండి పగిలిపోయిందని 1802లో పల్లాస్‌ను కనిపెట్టిన ఓల్బర్స్ ఊహించాడు. ఆ ఊహ మన మాటలో అట్లాగే నిలిచిపోయింది. నేడు దానిని శాస్త్రజ్ఞులు ఒప్పుకొనడం లేదు. ఆ ప్రాంతంలోని లఘుగ్రహాలన్నీ కలిపినా మన చంద్రుని ద్రవ్యరాశిలో నూటికి సుమారు 3 పాళ్లే. ఏకగ్రహంగా కూడలేక బృహస్పతి ఆకర్షణ వలన చెదరిన పదార్థం అది. చిన్న చిన్న గ్రహాలు పగిలి ముక్కలైన మాట నిజమే కాని, ఒక మహాగ్రహం పగిలిన మాట నిజం కాదు. ‘గ్రహశకలం’ అనే మాటను విడిచిపెట్టాలని కాదు. పేరు వేరు, రుజువు వేరు అని విద్యార్థికి చెప్పి మరీ వాడాలి. ఈ వ్యాసంలో ‘లఘుగ్రహం’ అని వ్రాయడానికి కారణం ఇదే.

తేలవలసినవి

వ్యోమనౌక 2029లో సైకీని చేరేటట్లు దారి వేశారు. దారిలో అంగారకుని ఆకర్షణను ఉపయోగించుకొని, సూర్యకాంతి వలన పుట్టే విద్యుత్తుతో జెనాన్ వాయువును వెనుకకు చిమ్ముతూ పోయే నౌక అది. చేరిన తర్వాత అది సైకీకి చంద్రుని వలె చుట్టూ తిరుగుతుంది. పైన చెప్పినట్లు, చంద్రుడు ఉంటే ద్రవ్యరాశి సులభంగా తెలుస్తుంది. లేని చంద్రుని మనమే పంపుతున్నామన్నమాట. నౌక వేగంలోని చిన్న మార్పులను బట్టి లోపల బరువు ఎక్కడెక్కడ ఎంత పేరుకొన్నదో కూడా తెలుస్తుంది. అయస్కాంతమాపకం పాత అయస్కాంతత్వం మిగిలి ఉన్నదేమో చూస్తుంది. ఉంటే ఒకప్పుడు లోపల కరిగిన లోహం కదలాడిందనడానికి బలం వస్తుంది. గామా కిరణాలను, న్యూట్రాన్లను లెక్కించే పరికరం ఉపరితలంలో ఇనుము ఎంతో, నికెలు ఎంతో, సిలికాన్ ఎంతో చెబుతుంది. అప్పటివరకు సైకీకి దగ్గరి ఛాయాచిత్రం ఒక్కటి కూడా లేదు. పత్రికలలో వచ్చే తళతళలాడే లోహపు కొండ బొమ్మలన్నీ చిత్రకారుల ఊహలు. ఆ బొమ్మను గోడకు తగిలించే ఉపాధ్యాయుడు దాని కింద ‘ఊహాచిత్రం’ అని వ్రాసిపెట్టడం మంచిది.

నౌక చేరిన రోజున మనం పైన చెప్పుకొన్న ఊహలలో కొన్ని కొట్టుకొనిపోతవి. ఏవి పోతవో ఇప్పుడు చెప్పడం తొందరపాటు. కాని ఈలోగా తరగతి గదిలో చేయదగిన పని ఉన్నది. నల్లబల్ల మీద మూడు గళ్లు గీసి ఒకదానిలో సైకీ గూర్చి కొలిచిన సంగతులు, ఒకదానిలో లెక్కకట్టి రాబట్టిన సంగతులు, ఒకదానిలో ఊహించిన సంగతులు విద్యార్థుల చేతనే వ్రాయించండి. కక్ష్య, భ్రమణకాలం మొదటి గడిలో పడతవి. ద్రవ్యరాశి, సాంద్రత రెండవ గడిలో పడతవి. ‘గ్రహపు గుండెకాయ’ మూడవ గడిలో పడుతుంది. లక్ష కోట్ల కోట్ల డాలర్లను ఏ గడిలో వ్రాయాలో తోచక విద్యార్థులు తటపటాయిస్తే ఆనాటి పాఠం ఫలించినట్లే. 2029 తర్వాత మళ్లీ అవే గళ్లు గీసి, ఏ సంగతి ఏ గడిలోనుండి ఏ గడిలోకి మారిందో చూపించండి.